‘డాక్టరు సాబ్’ ఎవరు? వైద్యవృత్తి పదాలు - నైతిక బాధ్యత

ఒక వ్యక్తిని వృత్తిపేరుతో పిలవడం కేవలం మర్యాదా, లేక అతని అర్హతకు పలికే సాక్ష్యమా? ఇది భాషాశాస్త్రానికీ నీతిశాస్త్రానికీ ఉమ్మడి ప్రశ్న. వైద్యరంగంలో దీనికి సమాధానం ప్రాణంతో ముడిపడి ఉంటుంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల వ్యవహారంలోని వైద్యవృత్తి పదాల ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2016 అక్టోబరు 11న నిజామాబాద్ నుండి విడివడి ఏర్పడిన కామారెడ్డి జిల్లా పూర్వం హైదరాబాద్ సంస్థానంలో భాగం. ఉర్దూ రాజభాషగా చెల్లిన కాలపు ముద్ర ఇక్కడి పదజాలంలో నేటికీ కనిపిస్తుంది. ఆసుపత్రిని ‘దవాఖాన’ అనీ, మాత్రను ‘గోలీ’ అనీ అంటారు. చికిత్స చేసేవారికి సంస్కృతం ‘వైద్యుడు’ అనే పదాన్ని, అరబీ ‘హకీం’ అనే పదాన్ని, ఇంగ్లీషు ‘డాక్టరు’ అనే పదాన్ని ఇచ్చాయి. వీటి మూలాల్లో వరుసగా విద్య, వివేకం, బోధన ఉన్నాయి. మూడింటిలో ఏదీ ‘నయం చేసేవాడు’ అని చెప్పదు. అన్నీ ‘తెలిసినవాడు’ అనే చెబుతాయి. అందువల్ల ఈ పదాలను వాడినప్పుడల్లా, తెలిసో తెలియకో, ఎదుటివారి జ్ఞానాన్ని గురించి ఒక మాట చెప్పినట్లే అవుతుంది.

ఆ మాట తలకిందులైన తీరుకు ‘ఆర్.ఎం.పి.’ మంచి ఉదాహరణ. అక్షరార్థంలో ఇది ‘నమోదైన వైద్య వృత్తిదారు’. తెలుగు పల్లె వ్యవహారంలో మాత్రం ఇది వైద్యమండలి పట్టికలో పేరు లేని గ్రామీణ చికిత్సకుణ్ణి సూచిస్తుంది. నమోదును సూచించే పదమే నమోదు లేనితనానికి పేరయింది. ముఖాముఖి పిలుపులో ఆ మూడక్షరాలు కూడా జారిపోయి ‘డాక్టరు సాబ్’, ‘డాక్టరు సారు’ మిగులుతాయి.

ఇందుకు విరుద్ధమైన మార్పు స్త్రీల విషయంలో జరిగింది. ఎ.ఎన్.ఎం. నిర్ణీత శిక్షణ పొంది, నర్సింగ్ మండలిలో పేరు నమోదైన ఉద్యోగిని. ఊరు ఆమెను ‘నర్సమ్మ’ అంటుంది, లేదా ‘అక్క’ అంటుంది. 2005లో ఆరంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ద్వారా వచ్చిన ‘ఆశా’ అనే సంక్షిప్తనామం తెలుగు చెవికి ‘ఆశ’గా వినిపించి, ఒక కార్యకర్త పనిని మనోభావంగా మార్చింది. శిక్షణ లేని పురుషునికి బిరుదు, శిక్షణ పొందిన స్త్రీకి బంధుత్వం దక్కాయి. బంధువాచకంలో ఆప్యాయత ఉన్నమాట నిజమే. కాని ‘అక్క’ చేసే పనికి వేతనం అడిగితే వింతగా తోస్తుంది. ‘డాక్టరు’ రుసుము అడిగితే సహజంగా తోస్తుంది.

అయితే, శిక్షణ లేనివానిని ‘డాక్టరు’ అని పిలిచే రోగి అసత్యమాడినట్లేనా? ఇక్కడ మూడు భాషావ్యాపారాలను వేరుచేయాలి. సంబోధన మొదటిది, నిర్దేశం రెండవది, స్వయంప్రకటన మూడవది. అర్ధరాత్రి జ్వరంతో ఉన్న బిడ్డను చూడవచ్చినవానిని తల్లి ‘డాక్టరు సాబ్’ అనడం కృతజ్ఞత. అందులో అసత్యం లేదు. ‘ఆయన డాక్టరే, చూపించుకో’ అని పొరుగువారికి చెప్పడం నిర్దేశం. అది నిజమో కాదో తేల్చదగిన వాక్యం. దుకాణంపై ‘డాక్టర్’ అని బోర్డు రాయించుకోవడం స్వయంప్రకటన. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం నమోదు లేని వైద్యవృత్తికి ఏడాది వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చునంటుంది. చట్టం దృష్టి చికిత్సకునిపై ఉంటుంది, తల్లి పిలుపుపై కాదు. కాని ఆ బోర్డును ఊరు నమ్మడానికి బలమిచ్చేది ఆ పిలుపే. మొదటిదానిని రెండవదానికి, రెండవదానిని మూడవదానికి రుజువుగా వాడుకోవడంలోనే అసలు దోషం ఉంది.

దీనికి బలమైన ఆక్షేపం ఒకటుంది. నివాసయోగ్యమైన ఊరి లక్షణాల్లో వైద్యుణ్ణి చేర్చిన సుమతీ శతకకారుడు చెప్పింది అందుబాటును గురించే. అర్హుడు పట్నంలో ఉండి, అనర్హుడు వాకిట్లో ఉన్నప్పుడు, ఊరు వాకిట్లో ఉన్నవానికే ఆ పేరివ్వడం న్యాయం కాదా? 2023లో కామారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైనా, లింగంపేట, నాగిరెడ్డిపేట పల్లెలకు రాత్రివేళ ఎవరు వస్తారన్న ప్రశ్న దానంతట అదే తీరిపోదు. ఈ ఆక్షేపం అందుబాటు విలువను నిరూపిస్తుంది; అర్హతను నిరూపించదు. పైగా ‘డాక్టరు’ అన్న తరువాత, ఈ సూది ఎందుకని అడిగే ధైర్యం రోగికి తగ్గుతుంది. పేరు ఇచ్చినవారే ప్రశ్నించే హక్కును కోల్పోతారు.

చైనా అనుభవం ఇక్కడ గమనార్హం. ‘పాదరక్షలు లేని వైద్యులు’ అనే పేరును ఆ దేశం 1985లో రద్దుచేసింది. పరీక్షలో నెగ్గినవారిని గ్రామ వైద్యులుగా, మిగిలినవారిని ఆరోగ్య కార్యకర్తలుగా గుర్తించింది. అక్కడ పేరు మార్పుతోపాటు పరీక్ష కూడా వచ్చింది. పరీక్ష లేకుండా ‘గ్రామీణ వైద్యుడు’ అని పేరు మాత్రమే మార్చుకుంటే పాత సందిగ్ధతే కొత్త రూపంలో కొనసాగుతుంది.

కాబట్టి పల్లె నోటి నుండి ‘డాక్టరు సాబ్’ను తొలగించడం పరిష్కారం కాదు, కృతజ్ఞతను శాసించే అధికారం ఎవరికీ లేదు. నిర్దేశంలో కచ్చితత్వం పాటించడం మాత్రం పత్రికలు, పాఠ్యపుస్తకాలు, నిఘంటువుల బాధ్యత. ‘ఆర్.ఎం.పి.’కి అక్షరార్థాన్నీ వ్యవహారార్థాన్నీ వేర్వేరుగా ఇవ్వాలి. ఎ.ఎన్.ఎం., ఆశా కార్యకర్తల పనిని వారి వృత్తిపేరుతోనే పేర్కొనాలి. అప్పుడే రోగి తన ముందున్నవారు ఎవరో తెలుసుకొని, తరువాత ఇష్టమైన పేరుతో పిలుచుకోగలడు.