కొత్త సంవత్సరానికి ఇద్దరిదీ ఒక ఆనవాయితీ



డిసెంబరు 31 రాత్రి మన విచారణల్లో ఏటా కనిపించే దృశ్యం ఒకటుంది. గుడి గంట మోగుతుంది. స్త్రీలు నిద్రపోతున్న పిల్లల్ని భుజాన వేసుకొని వస్తారు. ముసలివారు వస్తారు. భర్తల్లో కొందరు మాత్రం రారు. వారు స్నేహితులతో ఉంటారు. ఎక్కడో, ఎందుకో నేను చెప్పనక్కరలేదు. దివ్యబలిపూజ ముగిసి అందరూ శుభాకాంక్షలు చెప్పుకునే వేళ, ఆ ఏడాదే అదే పీఠం ముందు పెళ్ళి ప్రమాణం చేసిన అమ్మాయి పక్కింటివారికి నమస్కారం పెట్టి ఒంటరిగా ఇంటికి పోతుంది.

ఆ భర్తలను తిట్టే పని వారి తల్లులు ఎలాగూ చేస్తారు. నా ప్రశ్న వేరు. పెళ్ళయ్యాక వచ్చే మొదటి జనవరి ఒకటిని ఎలా గడపాలో ఈ ఇద్దరూ ఎప్పుడైనా కూర్చొని మాట్లాడుకున్నారా? చాలామంది మాట్లాడుకోరు. అతడు పెళ్ళికి ముందు గడిపినట్టే గడుపుతాడు, ఆమె పుట్టింట్లో గడిపినట్టే గడుపుతుంది. రెండు అలవాట్లూ ఒకే కప్పు కింద ఉంటాయి గాని కలవవు.

కొత్త సంవత్సరం అనగానే మనకు తీర్మానాలు గుర్తొస్తాయి. సిగరెట్టు మానేస్తాను, రోజూ బైబులు చదువుతాను అంటాం. మంచివే. కాని తీర్మానం ఒక్కరిది. సంక్రాంతి ముగ్గు చెరిగేలోపే అదీ చెరిగిపోతుంది, పక్కవారికి తెలియను కూడా తెలియదు. ఆనవాయితీ ఇద్దరిది. ఒకరు మరచినా రెండవవారు "ఏమండీ, రేపు ముప్పై ఒకటి గదా" అని గుర్తుచేస్తారు.

లూకా సువార్త రెండవ అధ్యాయం 41వ వచనం చూడండి. యేసు తల్లిదండ్రులు పాస్క పండుగకు ఏటా యెరూషలేము వెళ్ళేవారని అక్కడ ఉంది. నజరేతు నుండి వంద కిలోమీటర్లకు పైమాటే, రోజుల తరబడి నడక. వడ్రంగికి అన్నాళ్ళ కూలి పోతుంది. పండుగకు రావలసినదిగా ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది పురుషులనే (నిర్గమ 23:17). అయినా మరియమాత కూడా నడిచింది. ఆ ప్రయాణాల్లో ఒకదానిలోనే పన్నెండేళ్ళ బిడ్డ తప్పిపోయాడు. ఆచారం పాటించే ఇంటికి కష్టం రాదని సువార్త చెప్పడం లేదు. అయితే బిడ్డ ఎక్కడ దొరికాడు? ఏటా ఆ ఇద్దరూ కలిసి వెళ్ళే దేవాలయంలోనే. ఆలుమగల మధ్య ఏదైనా తప్పిపోయిన రోజున, అది మాట కావచ్చు, నమ్మకం కావచ్చు, తిరిగి వెళ్ళి వెదకడానికి ఇద్దరికీ తెలిసిన చోటు ఒకటి ఉండాలి.

తోబీతు గ్రంథంలో ఇంకొక జంట ఉంది. సారాను పెళ్ళాడిన ఏడుగురు పెళ్ళిరాత్రే చనిపోయారు. ఎనిమిదవవాడు తోబియా. ఆ రాత్రి అతడు మంచం దిగి, లే, ఇద్దరం ప్రార్థన చేద్దామని ఆమెను పిలిచాడు. కలిసి ముసలితనం చూసే భాగ్యం అడిగాడు. చివర ఇద్దరూ ఆమెన్ అన్నారు. అదే సమయంలో బయట సారా తండ్రి ఏం చేస్తున్నాడో తెలుసా? అల్లుడు ఎలాగూ బ్రతకడని గొయ్యి తవ్విస్తున్నాడు! బ్రతికే ఉన్నాడని తెలిశాక తెల్లవారకముందే పూడ్పించాడు. మన ఇళ్ళ బయటా గొయ్యి తవ్వేవారికి కొదువ లేదు. కట్నం చాలలేదనేవారు, పిల్ల నల్లగా ఉందనేవారు, ఈ సంబంధం ఎన్నాళ్ళులే అనేవారు. లోపల ఆ ఇద్దరూ కలిసి ఆమెన్ అంటున్నారా?

సరే, ఏం చేయాలి? పెద్దది వద్దు. మొదటి ఏడాది ఘనంగా చేసి రెండో ఏడాది వదిలేసేదానికంటే, ఇరవై ఏళ్ళు చేయగలిగిన చిన్నది మేలు. 31 సాయంత్రం టీవీ కట్టేసి, సెల్‌ఫోన్లు పక్కన పెట్టి, తిరుహృదయ పటం ముందు కొవ్వొత్తి వెలిగించి అరగంట కూర్చోండి. ఆ ఏడాది దేవుడు ఇచ్చినవి ఒక్కొక్కటి చెప్పుకొని, నోటు పుస్తకంలో తేదీ వేసి రాయండి. అన్ని ఏళ్ళూ ఇది సులువు కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు బురదపాలయ్యాయి. అటువంటి ఏడాది చివర మేళ్ళు రాయమంటే కలం కదలదు. అప్పుడు పోయినవే రాయండి. కీర్తనల్లో ఎన్నో మొరలే గదా.

తరువాత క్షమాపణ. ఇక్కడే మన మగవారికి నామోషీ. "ఏదో కోపంలో అన్నానులే" అనేది క్షమాపణ కాదు. ఏ మాట అన్నారో, ఎవరి ముందు అన్నారో చెప్పి అడగండి. భార్యలూ అంతే. అయితే ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. చేయి చేసుకొని, ఏడాదికొకసారి క్షమించమని, మళ్ళీ అదే చేసే భర్త ఉన్న ఇంటికి ఈ కొవ్వొత్తి చాలదు. ఆ అక్కచెల్లెళ్ళు మౌనంగా భరించవద్దు. విచారణ గురువులకో, కన్యస్త్రీలకో, నమ్మకమైన పెద్దలకో చెప్పండి; అవసరమైతే పోలీసుల దగ్గరకు వెళ్ళండి.

చివర ఆశీర్వాదం. జనవరి ఒకటి దేవమాత మహోత్సవం. 1968 నుండి ప్రపంచ శాంతి దినం కూడా. ఆనాటి పూజలో మొదటి పఠనం సంఖ్యాకాండము ఆరవ అధ్యాయంలోని అహరోను ఆశీర్వాదం. ఆ మాటలే చదువుతూ ఒకరి నుదుట ఒకరు శిలువ గుర్తు వేయండి. మన లతీను సంప్రదాయంలో వివాహ సంస్కారాన్ని ఇచ్చేది గురువు కాదు. వధూవరులే ఒకరికొకరు ఇచ్చుకుంటారు, గురువు శ్రీసభ తరపున సాక్షి. ఇక ఒకరినొకరు ఆశీర్వదించుకోవడానికి సంకోచం దేనికి? ఆ తరువాత ఇద్దరూ కలిసి గుడికి నడవండి.

ఒకే గదిలో అత్తమామలు, ఆడపడుచులు అందరూ ఉండే ఇళ్ళున్నాయని నాకు తెలుసు. అక్కడ ఇద్దరూ విడిగా కూర్చోవడం కుదరదు. అలాంటివారు జనవరిలో ఒక మామూలు రోజున గుణదల కొండ ఎక్కండి. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల తిరునాళ్ళ జనంలో మొక్కు తీరుతుంది గాని మాటలు సాగవు. ఇటలీ నుండి వచ్చిన ఫాదర్ ఆర్లాటి 1924లో మాత స్వరూపాన్ని నెలకొల్పిన ఆ గుహ దగ్గర, జనం లేని పూట అరగంట కూర్చుంటే చాలు. అత్తగారికి ముందే చెప్పి వెళ్ళండి, లేకపోతే ఆనవాయితీ మొదటి రోజే గొడవవుతుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి? డెల్టా రైతుకు ఇది వేరే చెప్పాలా? వరి కోతకు ముందే, చేలో పదును ఉండగానే మినుములు చల్లుతాడు. నేల ఎండాక చల్లితే మొలక రాదు. కొత్త దంపతులు పిల్లలు పుట్టాక చూద్దాం, ఇల్లు కట్టుకున్నాక చూద్దాం అనవద్దు. ఇరవై ఏళ్ళ సంసారం చేసినవారు మాత్రం ఇంత ఆలస్యంగానా అని సిగ్గుపడనక్కరలేదు. వారి నోటు పుస్తకంలో రాయవలసినవి ఎక్కువుంటాయి, అంతే.

భర్త గల్ఫులో ఉన్న ఇళ్ళు మన విచారణల్లో తక్కువేమీ కాదు. ఇక్కడ రాత్రి పన్నెండయితే కువైట్‌లో తొమ్మిదిన్నర. ఎవరి పన్నెండుకు వారు ఫోను చేసుకుంటే ఒకరికి నిద్ర, ఇంకొకరికి డ్యూటీ. ఇద్దరికీ కుదిరే గంట ముందే అనుకోండి. ఆ గంటకు అక్కడ ఆయన, ఇక్కడ మీరు కొవ్వొత్తి వెలిగించండి. పుస్తకం ఇక్కడుంటుంది గనుక రాసే పని భార్యది. ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాయండి, సెలవుకు వచ్చినప్పుడు చదువుకుంటారు.