ఏడ్చే పిల్లకు ఇచ్చిన మాట

పసిపిల్లకు ఇచ్చిన మాట మాటేనా? లేక ఏడుపు మాన్పించడానికి నోటికొచ్చింది అనేసి, ఆ తరువాత మరచిపోదగినదా? ప్రియ పాఠకులారా, ఈ ప్రశ్న నాకు నేనుగా వేసుకున్నది కాదు. మా విచారణకు చెందిన ఒక పెద్దావిడ ఆదివారం పూజ అయ్యాక గుడి మెట్ల దగ్గర నన్ను ఆపి అడిగింది. "మాస్టారూ, మా అల్లుడిది తప్పా, కూతురిది తప్పా, మీరే చెప్పాలి" అంది. అప్పటికప్పుడు ఏదో అని తప్పించుకున్నాను గాని, ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

సంగతి ఇది. ఆవిడ కూతురు, అల్లుడు అమెరికాలో న్యూజెర్సీలో ఉంటారు. పదేళ్ళ మనవరాలిని 2025 వేసవిలో పెన్సిల్వేనియా కొండల్లోని ఒక ఆడపిల్లల శిబిరానికి నాలుగు వారాలపాటు పంపించారు. మన ఊళ్ళలో సమ్మర్ క్యాంపు అంటే పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేది. అక్కడిది అలా కాదు. పిల్ల పెట్టె సర్దుకుని వెళ్ళి అక్కడే పడుకుంటుంది, అక్కడే తింటుంది. ఇది ఆ దేశంలో నూరేళ్ళు దాటిన అలవాటు. 1900 దాటిన తొలి సంవత్సరాలలోనే న్యూ హాంప్‌షైర్, మెయిన్ రాష్ట్రాల సరస్సుల ఒడ్డున ఆడపిల్లల కోసం ఇటువంటి శిబిరాలు వెలిశాయి. పట్నపు పిల్ల అడవినీ, నీటినీ, తోటిపిల్లల సహవాసాన్నీ ఎరగాలని, అమ్మ చేయి లేకుండా తన పక్క తాను సర్దుకోవడం నేర్వాలని పెద్దల ఉద్దేశం.

అక్కడి రోజు ఎలా గడుస్తుందో ఆ పిల్ల తరువాత అమ్మమ్మకు వీడియోలో పూసగుచ్చినట్లు చెప్పిందట. పొద్దున్నే గంట కొడతారు. జెండా దగ్గర వరుసలో నిలబడాలి. ఫలహారం అయ్యాక ఎవరి కేబిన్ వారు ఊడ్చుకోవాలి. ఒక్కొక్క కేబిన్‌లో పదిమంది పిల్లలు, ఒకదానిపై ఒకటి ఉండే మంచాలు, వాళ్ళను చూసుకోవడానికి కాలేజీ చదివే ఒక అక్క. ఆ అక్కను కౌన్సెలర్ అంటారు. పక్క దుప్పటి మడత సరిగా లేకపోతే కేబిన్‌కంతటికీ మార్కులు తగ్గుతాయి. ఆ తరువాత విలువిద్య, పడవ నడపడం, రంగుదారాలతో చేతికి కట్టుకునే పట్టీలు అల్లడం. రాత్రి నెగడు చుట్టూ కూర్చుని పాటలు, ఆపైన టార్చిలైటు వెలుగులో గుసగుసలు.

ఈత సంగతి వింటే నాకు ముచ్చట వేసింది. నీళ్ళలో దిగే ప్రతి పిల్లకూ ఒక జతకత్తె ఉంటుంది. ఈల వినబడగానే ఎక్కడివాళ్ళక్కడ ఆగి, జతకత్తె చేయి పట్టుకుని పైకెత్తాలి. గట్టు మీదివాళ్ళు లెక్కపెడతారు. ఒక్క తల తగ్గినా అందరినీ బయటకు రప్పించి వెదుకుతారు. "నీ తోటిది ఎక్కడ?" అన్న ప్రశ్నకు ప్రతి పిల్లా జవాబుదారే. కయీను తప్పించుకోబోయిన ప్రశ్న ఇదే కదా అనుకున్నాను.

మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక గంట విశ్రాంతి. ఎవరి మంచం మీద వాళ్ళుండాలి. ఇంటికి ఉత్తరాలు రాసేది అప్పుడే, ఎందుకంటే పిల్లల దగ్గర ఫోన్లు ఉండనివ్వరు. పగలంతా ఆటల్లో కనబడని దిగులు ఆ నిశ్శబ్దంలోనే బయటపడుతుంది. అయిదో రోజున మన మనవరాలు రాసిన ఉత్తరంలో నాలుగే వాక్యాలు. తనకు అక్కడ బాగాలేదని, అన్నం సయించడం లేదని, నాన్న మాట ఇచ్చాడని, వచ్చి తీసుకుపొమ్మని.

నిజమే, నాన్న మాట ఇచ్చాడు. బయల్దేరే ముందు రాత్రి పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "నీకు నచ్చకపోతే ఒక్క ముక్క రాయి తల్లీ, మర్నాడే వచ్చి తీసుకొచ్చేస్తాను" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. కాని అది మంచి మాట కాదని పిల్లల వైద్యులు చెబుతారు. 2007లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం పత్రికలో క్రిస్టఫర్ థర్బర్, ఎడ్వర్డ్ వాల్టన్ అనే ఇద్దరు ఇంటిబెంగ గురించి ఒక నివేదిక రాశారు. తీసుకొచ్చేస్తామని ముందే మాట ఇవ్వవద్దని అందులో సలహా చెప్పారు. ఆలోచిస్తే నిజమేననిపిస్తుంది. ఆ మాటలో పిల్లకు ఇంకొకటి వినబడుతుంది: నువ్వు ఉండలేవని నాన్న ముందే అనుకున్నాడని. ఇక అక్కడ కుదురుకోవడానికి ప్రయత్నించడం మాని, కారు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

సరే, ఇవ్వకూడని మాటే. కాని ఇచ్చేశాడు. ఇప్పుడేమిటి?

కూతురు అన్నదట: "చిన్నపిల్లకు చెప్పినదాన్ని పట్టుకుని వేలాడతారేమిటి? నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది." ఆ మాటలోనూ సత్యముంది. ఉత్తరం చేరడానికి రెండుమూడు రోజులు పడుతుంది. అమ్మానాన్నలు దాన్ని చదివి కన్నీళ్ళు కారుస్తున్న వేళకు రాసిన పిల్ల సరస్సులో కేరింతలు కొడుతూ ఉండవచ్చు. 1963లో ఆలన్ షెర్మన్ అనే హాస్యగాయకుడు సరిగ్గా ఇటువంటి ఉత్తరం మీదే ఒక పాట కట్టి అమెరికానంతా నవ్వించాడు. పాట చివరకు వాన వెలిసిపోతుంది, పిల్లవాడి ఏడుపూ ఆగిపోతుంది.

అయితే పాఠకులారా, "చిన్నపిల్లే కదా" అన్న మాట దగ్గర నేను కూతురి పక్షాన నిలబడలేను. కారణం చెబుతాను. నన్ను ఎనిమిదో ఏట హాస్టల్లో చేర్చినప్పుడు మా నాన్న గేటు దగ్గర బిస్కట్ల పొట్లం చేతిలో పెట్టి, "ఇక్కడే ఉండు, కొట్టుకు వెళ్ళి పలక తెస్తాను" అని వెళ్ళాడు. మళ్ళీ కనబడింది దసరా సెలవులకు. చీకటి పడేదాకా నేను గేటు ఊచలు వదల్లేదు. ఇప్పుడు డెబ్బయ్యో పడిలో ఉన్నాను. ఆ హాస్టల్ నాకు చదువు ఇచ్చింది, స్నేహితులను ఇచ్చింది, దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. మా నాన్న ఉత్తముడు. అయినా ఆ పలక నేను మరచిపోలేదు. మీలో ఎంతమంది ఇటువంటి గేటు దగ్గర నిలబడ్డారో, ఎంతమంది మీ పిల్లలను నిలబెట్టారో మీకే తెలుసు.

మోసం ప్రేమ లేనిచోటే జరుగుతుందనుకోకండి. పునీత అగుస్తీను 383లో కార్తేజు రేవులో తల్లి మోనికమ్మను ఇలాగే మభ్యపెట్టాడు. స్నేహితుణ్ణి సాగనంపి వస్తానని చెప్పి, ఆమె పునీత సిప్రియను పేరిట ఉన్న గుడిలో రాత్రంతా ప్రార్థిస్తుండగా ఓడెక్కి రోముకు వెళ్ళిపోయాడు. అదే మనిషి తరువాతి కాలంలో, ఎంత మంచికోసమైనా అబద్ధం తగదని ఒక గ్రంథమే రాశాడు.

ఇచ్చిన మాట ఎవరి సొత్తు? ఇచ్చినవాడిది కాదు, పుచ్చుకున్నవారిది. అప్పులాంటిది. అప్పు మాఫీ చేయవలసింది అప్పిచ్చినవాడే గాని తీసుకున్నవాడు కాదు కదా. కనుక ఈ మాట ఇక చెల్లదని తేల్చే హక్కు నాన్నకు లేదు, అమ్మకు అసలే లేదు. ఆ పిల్లకే ఉంది. మరి పిల్లను అడిగారా? ఇద్దరూ మూడు రోజులు వంటింట్లో వాదించుకున్నారు గాని అడగలేదు!

ఇక్కడ ఇంకొక చిక్కు ఉంది. ఆ ఉత్తరం చేరింది జూలై 7న. అంతకు మూడు రోజుల ముందు, జూలై 4 తెల్లవారుజామున టెక్సాస్‌లో గ్వాడలూపే నది 45 నిమిషాలలో 26 అడుగులు పొంగింది. ఆ నది ఒడ్డున 1926 నుంచి నడుస్తున్న క్యాంప్ మిస్టిక్ అనే ఆడపిల్లల శిబిరంలో 25 మంది పిల్లలు, ఇద్దరు కౌన్సెలర్లు వరదకు బలయ్యారు. ఎనిమిదేళ్ళ పసివాళ్ళ కేబిన్లే పల్లంలో ఉన్నాయి. వాళ్ళను కాపాడబోయి శిబిర యజమాని కూడా ప్రాణం విడిచాడు. ఆ ఫొటోలు చూసిన ఏ తండ్రికి నిద్ర పడుతుంది? మన అల్లుడు కారు తాళాలు అందుకున్నది ఇచ్చిన మాట కోసమా, భయం కోసమా, అతనికే తెలియదు.

ఈ రెంటినీ కలిపేయకూడదని నా అభిప్రాయం. బెంగ పిల్ల మోయగల బరువు. కాస్త సాయం ఉంటే చాలామంది పిల్లలు మోస్తారు, మోసి గట్టిపడతారు కూడా. నది ఎక్కడుంది, కేబిన్ ఎంత ఎత్తులో ఉంది, అర్ధరాత్రి ఎవరు మేలుకుని ఉంటారు అన్నవి పిల్ల మోయవలసిన బరువులు కావు. అవి ముమ్మాటికీ పెద్దలవి. టెక్సాస్ ప్రభుత్వం అదే ఏడాది సెప్టెంబరులో, వరద ముంపు నేలల్లో పిల్లల కేబిన్లు ఉండరాదని చట్టం చేసింది. ఆ చట్టం కోసం పోరాడినవారు పిల్లలను పోగొట్టుకున్న అమ్మానాన్నలు. పంపేముందు మనం అడగవలసిన ప్రశ్నలు అవి. పిల్లలను మన ఊరి హాస్టలుకు పంపేవారికి కూడా ఇదే చెబుతాను. ఫీజు ఎంత అని అడిగినంత ఓపికగా, రాత్రి వార్డెను ఎక్కడ పడుకుంటారని కూడా అడగండి.

చివరకు అల్లుడు శిబిరానికి ఫోన్ చేశాడు. కొండ మీద ఉన్న కేబిన్ గురించి అడిగి తెలుసుకున్నాడు, భయం తీరింది. అక్కడి నియమం కాకపోయినా ఆ పిల్లతో అయిదు నిమిషాలు మాట్లాడనిచ్చారు. "మాట ఇచ్చాను తల్లీ, రమ్మంటే వస్తాను. ఏమంటావు?" అని అడిగాడు. చాలాసేపు మాట లేదు. ఆ తరువాత "రా నాన్నా" అంది.

వెళ్ళాడు. రెండు గంటల ప్రయాణం. మిగిలిన రోజుల డబ్బు తిరిగి రాలేదు. కూతురు రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. "అంత డబ్బు నీళ్ళపాలు, మాస్టారూ" అని పెద్దావిడ ఇప్పటికీ బాధపడుతుంది. ఆవిడ ప్రశ్నకు నా జవాబు మాత్రం, అల్లుడు మొదటి రాత్రి తప్పు చేశాడు, చివరి రోజు చేయలేదు అన్నదే.

మొన్న మళ్ళీ కనబడి ఒక సంగతి చెప్పింది. ఇంటికి తెచ్చిన పెట్టెలో సగం అల్లిన రంగుదారాల పట్టీ ఒకటి ఉందట. ఆ పిల్ల దాని కొసను కిటికీ గడియకు ముడివేసి, బడి నుంచి రాగానే రోజూ కాస్త కాస్త అల్లుతోందట. ఎవరికోసమే అని అమ్మమ్మ అడిగితే, ఈతలో తన చేయి పట్టుకున్న పిల్ల పేరు చెప్పిందట.