మూలమట్టం

బొమ్మల కొలువులోకి అట్టతో చిన్న ఇల్లు ఎప్పుడైనా కట్టారా? జిగురు పెట్టిన గోడ ఓ పట్టాన నిలవదు, ఒరిగిపోతుంది. తార్నాకలో మా వీధి వడ్రంగి మూలమట్టం తెచ్చి మూలకు ఆనించి, ఆరేదాకా కదపొద్దన్నాడు. మధ్యన మైనం కాగితం పెట్టమన్నాడు. లేకపోతే జిగురు కారి మట్టం కూడా గోడకే అంటుకుపోతుందట!

తల్లి పనీ ఇలాంటిదే కదూ? యూనివర్సిటీలో 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడి, రాతి మూలలు ఎంత తిన్నగా ఉన్నాయో అనుకుంటాం. వాటికి పట్టిన మూలమట్టాలేమయ్యాయని ఎవరడుగుతారు?

ఎదిగిన కొడుకు మన మాట కాదన్నప్పుడు, వాడు ఒరుగుతున్నాడా, మనమే అంటుకుపోయామా? చెయ్యి తీస్తే గానీ తెలియదు. ఒరిగితే మళ్ళీ ఆసరా ఇవ్వొచ్చు. భయపడి అసలు తియ్యకపోతే మాత్రం, నిలబడ్డది తన కాళ్ళ మీదో మన చేతుల మీదో వాడికీ తెలియదు.