థీమ్ పార్కుకు ఎన్నిసార్లు?

సెలవు దొరికిన ప్రతిసారీ పిల్లలను వెంటబెట్టుకొని థీమ్ పార్కుకు వెళ్లడం ఎప్పటికైనా మితిమీరుతుందా? చూడడానికి ప్రశ్న చిన్నదే. కానీ కటవారియా సరాయ్‌లో ఈ ప్రశ్న లేచినప్పుడు మాలో మేమే రెండు పక్షాలుగా చీలిపోయాము.

ఈ చోటు తెలియని పాఠకులకు నాలుగు మాటలు చెప్పాలి. దక్షిణ ఢిల్లీలో ఐఐటీకీ జేఎన్‌యూకీ మధ్య, షహీద్ జీత్ సింగ్ మార్గ్ పక్కన ఉన్న పాత గ్రామం ఇది. పొలాలు ఎప్పుడో పోయాయి. ఇప్పుడున్నవి ఒకదాన్నొకటి ఒరుసుకొనే నాలుగైదు అంతస్తుల ఇళ్లు, కిటికీ తెరిస్తే ఎదుటి గోడ కనిపించే అద్దె గదులు, జిరాక్సు దుకాణాలు, మెస్సులు. సివిల్స్‌కూ గేట్‌కూ ఇంజినీరింగ్ సర్వీసులకూ చదివే పిల్లలు దేశం నలుమూలల నుంచీ వస్తారు. తెలుగు పిల్లలూ ఉన్నారు. సరాయ్ అంటే సత్రం. బేర్ సరాయ్, జియా సరాయ్, కాలూ సరాయ్ అన్నీ చుట్టుపక్కలవే. పేరుకు తగ్గట్టే ఇక్కడ చదువుకునేవాళ్లెవరూ నిలిచిపోరు. పరీక్ష నెగ్గినా వెళ్లిపోతారు, నెగ్గకపోయినా వెళ్లిపోతారు.

అలా నెగ్గి గుర్‌గావ్‌లోనో నోయిడాలోనో సంసారాలు పెట్టిన మిత్రులు కొందరు ఆదివారాలు ఇక్కడికి వచ్చి మాతో కలిసి సుత్తాలు చదువుతారు. నోయిడాలోని వరల్డ్స్ ఆఫ్ వండర్, రోహిణిలోని అడ్వెంచర్ ఐలండ్ వాళ్ల పిల్లలకు కొట్టిన పిండి. హైదరాబాద్ వెళ్తే రామోజీ ఫిల్మ్ సిటీ, రావిర్యాల వండర్‌లా చూడకుండా తిరిగి రారు. మూడు రోజులు సెలవు కలిసొస్తే ఏదో ఒక పార్కు ఉండాల్సిందే. గదుల్లో ఉండి చదువుకునే పిల్లలకు ఇది మింగుడుపడలేదు. “ఒక్క టికెట్టు డబ్బుతో మా మెస్సు ఎన్ని రోజులు గడుస్తుందో లెక్కేయన్నా” అన్నాడు ఒక తమ్ముడు. “మా నాన్న తిరునాళ్లకు వెళ్లినా దూరంగా నిలబడి చూసి వచ్చేవాడు. నా బిడ్డ రంగులరాట్నం ఎక్కితే నీకు కష్టమైందా తమ్ముడూ?” అని ఎదురు జవాబు వచ్చింది.

ఈ జవాబును తేలిగ్గా దాటిపోకూడదు. మన జనం నలుగురూ కలిసి ఊరు చూడబోవడమే ఒకప్పుడు ఎంత పనో బాబాసాహెబ్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాశారు. 1934లో ఆయన, ఆయన సహచరులు ముప్పై మంది దాకా వేరూళ్‌లోని బౌద్ధ గుహలు చూడడానికి బయలుదేరారు. దారిలో దౌలతాబాద్ కోట దగ్గర ఆగారు. అది అప్పుడు నిజాం ఏలుబడిలోని నేల, అంటే మన తెలంగాణ ఉన్న రాజ్యమే. ప్రయాణంలో పట్టిన దుమ్ము పోవడానికి కోట ముందున్న కొలనులో కొందరు ముఖం, కాళ్లు కడుక్కున్నారు. అంటరానివాళ్లు నీళ్లు మైలపరిచారంటూ గుంపు మీదికొచ్చింది. చివరకు లోపల ఎక్కడా నీళ్లు ముట్టుకోకూడదనే షరతు మీద, ఆయుధం పట్టిన సిపాయిని వెంట ఇచ్చి కోటలోకి పంపారు. అలాంటి చరిత్ర వెనకాల ఉన్న ఇంటి బిడ్డ ఎవరి అనుమతీ అడగకుండా టికెట్టు కొనుక్కొని నీళ్ల జారుడుబల్ల మీంచి అందరూ ఉన్న కొలనులోకి దూకుతుంటే, అందులో సరదా ఒక్కటే ఉందని మేము అనుకోలేము.

తీరికను బాబాసాహెబ్ విలాసంగా చూడలేదు. యంత్రం మనిషికి తీరికనివ్వాలి, తీరిక లేనిచోట సంస్కారానికి చోటుండదని 1945లో, గాంధీ యంత్ర వ్యతిరేకతను ఖండిస్తూ రాశారు. రాసి ఊరుకోలేదు కూడా. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్న కాలంలోనే ఫ్యాక్టరీ కార్మికులకు జీతంతో కూడిన సెలవు చట్టంలోకి ఎక్కింది, పని వారానికి 48 గంటలకు తగ్గింది. కనుక పేదలను గుర్తు చేసి సరదాలు మానుకోమని బోధించే పని మేము పెట్టుకోము. ఈ దేశంలో ఆ బోధ ఎప్పుడూ కింద ఉన్నవాడి చెవిలోనే ఊదారు.

తథాగతుడు కూడా గృహస్థుకు ఆ బోధ చేయలేదు. రాజగృహంలో తడిబట్టలతో ఆరు దిక్కులకు మొక్కుతున్న సిగాలుడికి ఆయన చెప్పిన మాటల్లో రెండు మా చర్చకు నేరుగా పనికొచ్చాయి. సంపాదనను నాలుగు పాళ్లు చేసి ఒక పాలు అనుభవించమన్నాడు, రెండు పాళ్లు పనిలో పెట్టమన్నాడు, ఒక పాలు ఆపదకు దాచమన్నాడు. అనుభవానికి నాలుగో వంతు! పిసినారి లెక్క కాదిది. రెండోది, యజమాని పనివాళ్లకు చేయాల్సినవి చెబుతూ కూలి, తిండి, జబ్బులో సేవలతో పాటు వేళకు సెలవివ్వడాన్ని కూడా చేర్చాడు. బాబాసాహెబ్ తెచ్చిన సెలవుకు మూలం అక్కడుందని మేము లాగి కలపడం లేదు. ఇద్దరి చూపూ ఒకే వైపుంది, అంతే.

మరి అదే సుత్తంలో ‘సమజ్జాభిచరణం’ హానికరమని ఎందుకుంది? సమజ్జం అంటే ఆటపాటలు, వాద్యాలు, కథలు, జనం గుమిగూడే జాతర. ఆ కాలపు థీమ్ పార్కు అనుకోవచ్చు. దానికి మాటిమాటికీ తిరగడంలో ఆరు కీడులున్నాయని చెప్పాడు. మిగతా వ్యసనాల దగ్గర కీడులంటే డబ్బు పోవడం, తగవులు, జబ్బులు, పరువు పోవడం. సమజ్జం దగ్గరికొచ్చేసరికి వీటిలో ఒక్కటీ లేదు. ఆరూ ఆరు ప్రశ్నలు. ఆట ఎక్కడ, పాట ఎక్కడ, వాద్యం ఎక్కడ, కథ ఎక్కడ, చప్పట్ల తాళం ఎక్కడ, డప్పు ఎక్కడ అని మనిషి వెతుకుతూ ఉండిపోతాడన్నదే కీడు. మొదటిసారి చదివినప్పుడు ఇదేం జాబితా అని మాలో కొందరు నవ్వారు. ఒక మిత్రుడు మాత్రం నవ్వలేదు. పోయిన నెల పార్కు గేటు దాటి కారెక్కీ ఎక్కకముందే, ఒళ్లింకా తడి ఆరకుండానే, వాళ్ల ఎనిమిదేళ్ల పాప “నెక్స్ట్ ఎక్కడికి నాన్నా?” అని అడిగిందట.

మితిమీరడానికి గుర్తు ఇదేనని మేము అనుకుంటున్నాము. ఎన్నిసార్లు వెళ్లామన్నది కొలత కాదు. ఏడాదికి ఆరుసార్లు వెళ్లినా, వెళ్లిన చోట ఉండి ఆడుకొని వచ్చేవాళ్లు ఉంటారు. ఒక్కసారే వెళ్లినా, అక్కడున్నంతసేపూ పక్క రైడు వరుస ఎంత ఉందో చూసుకుంటూ గడిపేవాళ్లు ఉంటారు. ఢిల్లీలో పెరిగిన పెద్దవాళ్లు ప్రగతి మైదాన్‌లోని అప్పూ ఘర్ గురించి ఇప్పటికీ చెబుతారు. 1984లో తెరిచి 2008లో మూసేసిన పార్కు అది. ఏడాదికోసారి వెళ్లి ఏడాదంతా చెప్పుకునేవాళ్లమంటారు. ఇప్పటి పిల్లలకు ఆ చెప్పుకోవడానికి వ్యవధి లేదు. మొన్నటిది నెమరువేసేలోగా రేపటిది వచ్చి పడుతోంది.

దీనికి లోకంలో వేరే సాక్ష్యమూ ఉంది. 2010లో నెదర్లాండ్స్‌లో యెరూన్ నావైన్, ఆయన తోటి పరిశోధకులు 1530 మందిని పరిశీలించారు. వారిలో 974 మంది విహారయాత్రకు వెళ్లారు. వెళ్లబోయేవాళ్లు బయలుదేరక ముందు మిగతావాళ్ల కంటే ఎక్కువ సంతోషంగా ఉన్నారు. తిరిగి వచ్చాక, యాత్ర ఎంతో హాయిగా గడిచిందన్న వాళ్లలో తప్ప, వెళ్లినవాళ్లకూ వెళ్లనివాళ్లకూ పెద్ద తేడా కనిపించలేదు. అంటే సంతోషంలో ఎక్కువ భాగం ఎదురుచూపుదే. ఎదురుచూపు తీపి అయినప్పుడు, ఒకటి అయిపోగానే ఇంకొకటి కావాలనిపించడంలో వింత లేదు. తృష్ణ అనే మాటను మనం ఏదో పెద్ద పాపం పేరులా పలుకుతాం కానీ, అది పనిచేసే తీరు ఇంత మామూలుగా ఉంటుంది. పార్కుల వ్యాపారం దీన్ని ఎరిగినదే. ఒకే రైడు పదిసార్లు ఎక్కితే భయం కూడా అరిగిపోతుంది కనుక మరింత ఎత్తైనది, మరింత తలకిందులు చేసేది తెచ్చి పెడుతుంటారు.

అయితే ‘చాలు’ అని ఎవరనాలి? ఈ విషయంలో మాకు దారి చూపింది ఉపతిస్సుడు, కోలితుడి కథ. తర్వాత సారిపుత్త, మొగ్గల్లానులుగా మనకు తెలిసినవాళ్లే. ధమ్మపద అట్ఠకథ చెప్పేదాన్ని బట్టి, రాజగృహంలో కొండమీది జాతరకు ఇద్దరు స్నేహితులూ కలిసి వెళ్లేవారు. నవ్వాల్సిన చోట నవ్వారు, బాధపడాల్సిన చోట బాధపడ్డారు, ఆడినవాళ్లకు బహుమానాలిచ్చారు. ఒకరోజు ఎప్పటిలా కూర్చున్నారు కానీ నవ్వు రాలేదు. నూరేళ్లు నిండకముందే వీళ్లెవరూ మిగలరు కదా, ఇందులో చూడడానికి ఏముంది అనుకున్నారు. ఒకడి ముఖం చూసి రెండోవాడు అడిగాడు. ఇద్దరి మనసులోనూ ఉన్నది ఒకటే. మేము గమనించిందేమిటంటే, జాతరకు వెళ్లొద్దని వాళ్లను ఎవరూ తిట్టలేదు. వెళ్లినవాళ్లే, ముందు వరుసలో కూర్చున్నవాళ్లే, లోపలి నుంచి చాలనుకున్నారు. జాతర గేటు బయట నిలబెట్టిన మనిషి ‘నాకు చాలు’ అంటే దానికి అర్థం లేదు. అతడికి ముందు లోపలికి దారి కావాలి. అందుకే మెస్సు లెక్క చెప్పిన తమ్ముడి మాటలో నిజం ఉన్నా, ఆ బిడ్డకు తీర్పు చెప్పే హక్కు మాత్రం మా ఎవరికీ లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. విసుగు పుట్టినంత మాత్రాన వివేకం పుట్టినట్టు కాదు. నోయిడా పార్కు విసుగొచ్చినవాడు సింగపూరు వెళ్తాడు, దుబాయి వెళ్తాడు. సిద్ధార్థుడు భోగాల మీద విరక్తితో, ముసలివాణ్నీ రోగినీ శవాన్నీ చూసి ఇల్లు విడిచాడన్న కథను బాబాసాహెబ్ ఒప్పుకోకపోవడం ఇందుకే మాకు ముఖ్యమనిపిస్తుంది. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చేదాకా ముసలితనం కంటబడలేదా అని అడిగి, రోహిణి నది నీళ్ల కోసం శాక్యులకూ కోలియులకూ వచ్చిన తగవును, అందులో యుద్ధం వద్దన్న సిద్ధార్థుణ్ని మన ముందు పెట్టారు. అంటే కదిలించింది విసుగు కాదు, పక్కవాడి నీళ్లు. (అడ్వెంచర్ ఐలండ్ ఉన్న ఢిల్లీ పేట పేరు కూడా రోహిణే కావడం మా పిల్లలకు భలే నచ్చింది.)

చాలనుకున్న తర్వాత ఏం చేయాలో అశోకుడి శాసనాల్లో ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉన్న పెద్ద శాసనాల్లో మొదటిది ‘సమాజాలు’ వద్దంటుంది. మనం ఇప్పుడు సంఘం అనే అర్థంలో వాడుతున్న మాటే ఇది, అప్పుడు జాతర. కానీ రాజు మంచివిగా తలచే సమాజాలూ కొన్ని ఉన్నాయని వెంటనే చేరుస్తుంది. ఎనిమిదోది మాకు ఇంకా ఇష్టం. వెనకటి రాజులు వేటలతో విహారయాత్రలు చేసేవారు, తాను మాత్రం పట్టాభిషేకమైన పదేళ్లకు బోధివృక్షం దగ్గరకు వెళ్లి ధమ్మయాత్రలు మొదలుపెట్టానన్నాడు. ఆ యాత్రలో వృద్ధులను చూడడం, దానమివ్వడం, పల్లె జనాన్ని కలిసి మాట్లాడడం ఉన్నాయి. యాత్ర మానలేదు చూడండి. రాజు మళ్లీ బయలుదేరాడు, కాకపోతే ఈసారి దారిలో మనుషులు కనిపించారు.

దీన్ని బట్టి పార్కులు మాని నాగార్జునసాగర్‌లోని బుద్ధవనానికి వెళ్తే సరిపోతుందని ఒక మిత్రుడన్నాడు. 274 ఎకరాల్లో కట్టి 2022 మే 14న ప్రారంభించిన చోటు అది. దాన్ని కూడా బౌద్ధ వారసత్వ థీమ్ పార్కు అనే పిలుస్తారు. వెళ్లాలి, పిల్లలను తప్పక తీసుకెళ్లాలి. కానీ స్తూపం ముందు ఫోటో దిగి “తర్వాత ఏముంది?” అని అడిగితే అది ఆరు ప్రశ్నలకు ఏడోది అవుతుంది. చోటు పేరు మారితే యాత్ర మారదు.

మనుషులు కనిపించడం అన్నాం కాబట్టి, పార్కులోనే వాళ్లున్నారు. మన సెలవు రోజే రైడు మీట నొక్కే కుర్రాడికి ఎక్కువ పని. తడి నేల తుడిచే అమ్మకు ఆదివారం ఉండదు. సిగాలుడికి చెప్పిన ‘వేళకు సెలవు’ వాళ్లకు ఎప్పుడొస్తుందో అడిగిన పెద్దవాళ్లం మాలో ఎంతమందిమి? పిల్లలు అడుగుతారు, అడగనిస్తే. పైన చెప్పిన పాప తర్వాతిసారి రైడు దగ్గర నిలబడ్డ అన్నను “నువ్వు ఎక్కవా?” అని అడిగిందని వాళ్ల నాన్న చెప్పాడు. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నానని ఆ అబ్బాయి నవ్వాడట.

ఇక గదుల్లో ఉండి చదివే తమ్ముళ్లు, చెల్లెళ్ల సంగతి. వీళ్ల దగ్గర ‘తర్వాత ఎక్కడికి’ లేదు కానీ ‘తర్వాతి అటెంప్ట్’ ఉంది. ప్రిలిమ్స్ తర్వాత మెయిన్స్, అది పోతే మళ్లీ ప్రిలిమ్స్. ఈ వెతుకులాటను ఎవరూ వ్యసనం అనరు, కష్టం అంటారు. కానీ సోణుడికి తథాగతుడు వీణ తీగ గురించి చెప్పింది అతడు సుఖపడుతున్నందుకు కాదు. పాదాలు చిట్లి నెత్తురు కారేదాకా నడుస్తున్నందుకు. తీగ వదులైనా పలకదు, మరీ బిగిసినా పలకదు. పార్కులకు వెళ్లేవాళ్లను లెక్కలడిగిన మా తమ్ముళ్లలో మూడేళ్లుగా ఒక్క రోజు సెలవు తీసుకోనివాళ్లున్నారు. నడిచి వెళ్లగలిగే దూరంలో సంజయ్ వన్ ఉంది, చెట్లూ నెమళ్లూ ఉన్న అడవి, టికెట్టు లేదు. వాళ్లలో చాలామంది అందులో ఇంతవరకూ అడుగే పెట్టలేదు.