సెలవునాటి అతిథి

తెలుగులో ‘సెలవు’ అనే మాటకు అర్థాలు పెక్కు. బడి లేని దినము సెలవు. పెద్దలిచ్చే అనుమతి సెలవు. ఇల్లు విడిచి వెళ్ళేటప్పుడు చెప్పే వీడ్కోలు కూడ సెలవే. తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని దూరపు ఊరు చూడబోయినప్పుడు ఈ మూడర్థాలు ఒక్కచోట కలుస్తాయి. ఇల్లు వెనుకబడుతుంది, బడి మూతపడుతుంది, ఇంటిలో చెల్లని పనులు కొన్నిటికి అనుమతి దొరుకుతుంది. ఎనిమిది తొమ్మిదేండ్ల కూతురిని సాయంకాలము నాలుగు గంటలకు ఒక ఫలహారశాలకు తీసుకొనిపోయి, పెద్దవారితో సమానముగా బల్ల దగ్గర కూర్చుండబెట్టి, ఆమె ముందు తేనీరు పెట్టించుట అట్టి అనుమతులలో ఒకటి. చిన్న విషయమే. కాని ఒక కుటుంబము తన ఆడపిల్లను ఏ దృష్టితో చూస్తున్నదో తెలుసుకొనుటకు ఇంతకన్న పెద్ద విషయము అక్కరలేదు.

ఢిల్లీ చూడవచ్చే తెలుగు కుటుంబాలు అనేకము కరోల్ బాగ్‌లో దిగుతాయి. గదుల అద్దె అందుబాటులో ఉంటుంది; అంగళ్ళు గుమ్మములోనే ఉంటాయి. ఆ పేట తానే వలస వచ్చినవారి పేట. న్యూఢిల్లీ నిర్మాణానికై ఖాళీ చేయించిన పల్లెల జనము 1920ల ప్రాంతములో అక్కడికి చేరినది. 1947లో దేశవిభజన జరిగిన పిమ్మట పశ్చిమ పంజాబునుండి సర్వస్వము పోగొట్టుకొని వచ్చినవారు అక్కడనే దుకాణాలు తెరచి మరల నిలదొక్కుకొన్నారు. 1921లో గాంధీజీ ప్రారంభించిన టిబ్బియా కళాశాల అక్కడనే ఉన్నది. దానికి ప్రాణము పోసిన హకీం అజ్మల్ ఖాన్ పేరనే అక్కడి పెద్ద బజారు వీధి వెలసినది. చీరలు, నగలు, చెప్పులు బేరమాడుతూ ఆ వీధిలో మధ్యాహ్నమంతా తిరిగిన కుటుంబానికి నాలుగు గంటలయ్యేసరికి కాళ్ళు పీకుతాయి. అప్పుడు టీ జ్ఞాపకము వస్తుంది. పాలలో అల్లము దంచివేసి మరగించిన టీ గాజు గ్లాసులో వస్తుంది, ప్రక్కన సమోసా. కొంత డబ్బు, కొంత సరదా ఉన్నవారు కన్నాట్ ప్లేస్ వరకు పోయి, 1926నాటి వెంగర్స్ దుకాణములో రొట్టెలు కొనుక్కొంటారు. ఇంకను సాహసులు 1936లో తెరచిన ఇంపీరియల్ హోటలులో పింగాణి గిన్నెల ముందు కూర్చుంటారు. సాధనములు వేరు, ధరలు మిక్కిలి వేరు. ఇక్కడి విచారణకు సంబంధించినంతవరకు గాజు గ్లాసుకును పింగాణి గిన్నెకును భేదము లేదు.

సాయంకాలపు టీ అనే ఆచారాన్ని ఇంగ్లండులో 1840 ప్రాంతమున బెడ్‌ఫర్డ్ డచెస్ ఆనా మొదలుపెట్టినదని చెప్తారు. మధ్యాహ్న భోజనానికిని, ప్రొద్దుపోయిన తర్వాత దొరికే రాత్రి భోజనానికిని నడుమ ఆమెకు ఆకలి వేసేదట. ఆచారాలు చాలవరకు ఇట్టి అల్పకారణములవల్లనే పుట్టి, తర్వాత గౌరవము సంపాదించుకొంటాయి. ఆ దేశములో మరొక వాడుక ఉన్నది. టీ కూజా చేతబట్టి అందరి గిన్నెలు నింపే పని పైన వేసుకొన్న వ్యక్తిని, మగవాడైనా సరే, ఆ పూటకు ‘అమ్మ’ అంటారు. అది పరిహాసమే, కాని ఆ పరిహాసములో ఒక ఒప్పుకోలు ఉన్నది. వంచేది అమ్మ, త్రాగేది తక్కినవారు.

తెలుగు ఇండ్లలో ఈ సంగతికి పరిహాసము కూడ అక్కరలేదు. చుట్టము గడపలో అడుగుపెట్టగానే వంటింటినుండి కాఫీ బయలుదేరుతుంది. కొడుకు ఆడుకొంటూనే ఉంటాడు. కూతురికి పిలుపు వస్తుంది. “తొణకకుండా తీసుకొని వెళ్ళు తల్లీ” అన్నది ఆమె వినే తొలి ఉపదేశాలలో ఒకటి. అదే పిల్ల ఒక గుక్కెడు తనకు కావాలని అడిగితే, “వద్దమ్మా, నల్లబడిపోతావు” అంటారు. మోసుకొని వెళ్ళే వస్తువును త్రాగుటకు ఆమె అర్హురాలు కాదు. కారణము ఆమె మేనిచాయ. ఆ చాయను పరీక్షించే దినము కూడ ఒకటి వస్తుంది. పెళ్ళిచూపులనాడు ఆ చేతులే, ఆ పళ్ళెమునే మోసుకొని వస్తాయి. కూర్చున్నవారు కాఫీ త్రాగుతూ ఆమెను చూస్తారు. నేటి పిల్లలు ఉద్యోగాలు చేస్తున్నారు, ఎదురు ప్రశ్నలు వేస్తున్నారు, కొన్ని ఇండ్లలో పళ్ళెము మాయమైనది. అయినను ఆ తంతు గురించి తెలియని తెలుగువారు ఉండరు. బాల్యములో నేర్పిన నడక అంతా ఆ పది అడుగుల కొరకేనా అని సందేహము కలుగుట సహజము.

ఈ నేపథ్యములో కరోల్ బాగ్‌లోని ఆ బల్లను చూడవలెను. అక్కడ పిల్ల కూర్చుని ఉన్నది. టీ ఆమె వద్దకు నడచి వస్తున్నది. జీవితములో మొదటిసారి ఆమె అతిథి. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో చదువు ముగించిన శిష్యునికి గురువు చేసే ఉపదేశమున్నది. దైవముగా భావించవలసినవారిలో తల్లి ఉన్నది, తండ్రి ఉన్నాడు, గురువు ఉన్నాడు, అతిథి ఉన్నాడు. బిడ్డ ఆ వరుసలో లేదు. ఆ వరుసను వల్లించవలసినది మాత్రము బిడ్డయే. ఒక గంటసేపు కూతురిని అతిథిని చేసిన తండ్రి, తెలిసో తెలియకో, ఆమెను ఆ వరుసలోనికి తెచ్చి నిలబెట్టినాడు.

అయితే కూర్చుండబెట్టినంతమాత్రాన అతిథి కాదు. అతిథికి ఏమి కావలెనో అడుగుతారు, అడిగి జవాబుకై ఆగుతారు. ఇక్కడనే చాలమంది తండ్రులు తప్పిపోతారు. “నీకేమి కావాలమ్మా?” అని అడిగి, పిల్ల నోరు తెరవకముందే “పాపకు బాదంపాలు” అని చెప్పివేస్తారు. ఆ పిల్ల పట్టికను పైనుండి క్రిందివరకు వ్రేలితో కూడబలుకుకొంటూ చదివే రెండు నిమిషాలు ఓపిక పట్టుట సమోసా కొనిపెట్టుటకన్న కష్టమైన పని. ఇక ఆమె కోరినది వచ్చిన తర్వాత నచ్చకపోవచ్చును, సగము వదలివేయవచ్చును. అప్పుడు వినవచ్చే మాట అందరికిని పరిచితమే: “ఇంత ఖర్చుపెట్టి తీసుకొని వస్తే!” ఆ ఒక్క వాక్యముతో అతిథి ఋణగ్రస్తురాలవుతుంది. ఇచ్చేవాడు సిగ్గుతో ఇవ్వవలెనని కూడ ఆ శిక్షావల్లియే చెప్పినది. తల్లి సంగతి మరొక విధము. హోటలులో కూర్చున్నను ఆమె చేతులు ఊరుకోవు. పళ్ళెములు సర్దుతాయి, సమోసా తుంచుతాయి, భర్త గ్లాసు దగ్గరకు జరుపుతాయి. కూతురు ఆ చేతులను కూడ చూస్తూనే ఉంటుంది.

ఇంతకన్న కఠినమైన ప్రశ్న మరొకటి ఉన్నది. ఆ టీ తెచ్చినది ఎవరు? వీధి ప్రక్క దుకాణాలలో కొన్నిచోట్ల అది ఆ పిల్ల వయస్సువాడే. వానికి పేరున్నది గాని ఎవరు అడుగరు. ఢిల్లీలో అట్టివారందరు ‘ఛోటూ’లే. హోటళ్ళలో, టీ దుకాణాలలో పదునాలుగేండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకొనరాదని 2006 అక్టోబరు 10 నుండి నిషేధము అమలులో ఉన్నది. 2016లో చట్టాన్ని సవరించి ఆ వయస్సువారిని ఏ పనిలోను పెట్టుకొనరాదన్నారు. అయినను ఆ దృశ్యము అంతరించలేదు. పైగా ఆ సవరణలో ఒక మినహాయింపు ఉన్నది: ప్రమాదకరము కాని పనులలో పిల్లవాడు తన కుటుంబానికి, కుటుంబపు వ్యాపారానికి బడి విడిచిన తర్వాతను, సెలవులలోను సాయపడవచ్చును. కనుక ఒక బిడ్డకు బల్ల దగ్గర కుర్చీ వేసిన సెలవే మరొక బిడ్డ చేతికి గ్లాసుల తట్ట అందించవచ్చును. ఇంటి పనికి అడ్డులేదు కనుక, కాఫీ పళ్ళెము మోసే కూతురిని కూడ ఆ చట్టము తాకదు.

పిల్లలు ఇట్టివి వెంటనే కనిపెడతారు. “నాన్నగారూ, ఆ అబ్బాయికి సెలవులు లేవా?” అని ఆమె అడిగితే, సిద్ధముగా ఉండే జవాబు ఒకటి ఉన్నది: “చూశావా తల్లీ, చదువుకోకపోతే ఇట్లే అవుతుంది.” దీనికన్న అన్యాయమైన మాట వెదకినా దొరకదు. చదువు దొరకనివానిని చదువు వద్దన్నవానిగా చిత్రించుట ఒక తప్పు; వాని కష్టాన్ని తన బిడ్డకు పాఠముగా వాడుకొనుట మరొక తప్పు. తెలియదని ఒప్పుకొనుట, లేదా వాని పేరేమిటో అడుగుట, ఆ తండ్రికి చేతనైన పనులే. యజమానితో నాలుగు మాటలాడుట ఇంకను మేలు, కాని సెలవుమీద వచ్చినవారు సాధారణముగా తగవుపడరు.

అయితే తెచ్చి ఇచ్చుటయే హీనమనుకొంటే అదియు పొరపాటే. కరోల్ బాగ్‌ను ఆనుకొన్న ప్రసాద్ నగర్‌లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ వారి పాఠశాల ఉన్నది. ఢిల్లీలోని తెలుగు పిల్లల చదువుకొరకు 1948లో ఆ సంస్థను స్థాపించినది దుర్గాబాయి. తర్వాతి కాలములో దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా దేశమంతా ఎరిగినది. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ఆమెకు పదునాలుగేండ్లు. ఖాదీ ప్రదర్శన ద్వారము దగ్గర సేవికగా నిలబెట్టినారు. టిక్కెట్టు లేనివారిని లోనికి పంపకూడదు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చినాడు, టిక్కెట్టు లేదు. ఆమె వెళ్ళనివ్వలేదు. నిర్వాహకులు టిక్కెట్టు కొని ఇచ్చిన తర్వాతనే దారి విడిచినది. ఆ పిల్ల చేస్తున్నదియు సేవయే. కాని ఆ సేవలో ఒక గొప్పవానిని కాదనే అధికారము ఉన్నది. పెళ్ళిచూపుల పళ్ళెములోను, ఛోటూ తట్టలోను లేనిది అదే. బల్ల దగ్గర కూర్చున్న కూతురు “నాకు టీ వద్దు” అన్నప్పుడు పెద్దవారి ముఖాలు ఎట్లుంటాయో, ఆమెకు ఆ అధికారము దక్కినదో లేదో అక్కడ తెలుస్తుంది.

సెలవులు ముగుస్తాయి. రైలు దిగి ఇల్లు చేరిన మరునాడు సాయంకాలము కూడ నాలుగు కొడుతుంది, ఎవరో చుట్టము వస్తాడు, వంటింటిలో పాలు పొంగుతాయి. అన్న ముందుగదిలో కూర్చుని ఢిల్లీ ముచ్చట్లు చెప్తూ ఉంటాడు. లోపలినుండి తల్లి ఒక పేరు పెట్టి పిలుస్తుంది.