లోపం దాచి అమ్మితే బరకత్ ఉంటుందా?



ఒక శుక్రవారం ధర్మపురిలో జుమా నమాజు ముగిశాక ఒక సోదరుడు మా పక్కన వచ్చి కూర్చున్నారు. ఎనిమిదేళ్ళు దుబాయిలో కూలిపని చేసి వచ్చిన మనిషి. ఇక పిల్లల దగ్గరే ఉండి ట్యాక్సీ నడుపుకుందామని, పట్నంలో పాత కార్లు అమ్మే ఒకచోట 3 లక్షల 20 వేలు పెట్టి పసుపు ప్లేటు కారు కొన్నారు. అమ్మిన వ్యక్తి సలాం చేశాడు, చాయ్ తాగించాడు, “అల్లాహ్ సాక్షిగా చెబుతున్నాను, బండికి ఏ ఐబూ లేదు” అన్నాడు. నెల తిరక్కముందే ఇంజను ఆగిపోయింది. మెకానిక్ సీట్లు విప్పి చూస్తే అడుగున ఎండిన బురద, తుప్పు! వరద నీటిలో మునిగిన కారును కడిగి, పాలిష్ పెట్టి అమ్మారన్నమాట. తిరిగి వెళ్ళి అడిగితే “చూసుకునే కదా కొన్నారు” అన్నారు. పేరు మార్పిడి కాగితాలకు నాలుగుసార్లు తిప్పారు. తర్వాత ఫోను ఎత్తడమే మానేశారు.

ఇదంతా చెప్పి ఆ సోదరుడు అడిగారు: “మౌలానా సాబ్! ఇంజను బాగు చేయించి, నేను కూడా ఏమీ చెప్పకుండా ఇంకొకరికి అమ్మేస్తే తప్పా? నా కష్టార్జితం పోయినప్పుడు ఎవరూ అడ్డం రాలేదు కదా!”

ఇది ఆయన ఒక్కరి ప్రశ్న కాదు. మోసపోయిన ప్రతి మనిషి మనసులో షైతాను వేసే ప్రశ్న. అందుకే దీని జవాబు అందరం తెలుసుకోవాలి.

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి లోపలికి చేయి పెట్టారు. వేళ్ళకు తడి తగిలింది. అడిగితే వాన పడిందని వర్తకుడు చెప్పాడు. జనానికి కనబడేలా ఆ తడిసిన ధాన్యాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మోసం చేసేవారితో తమకు సంబంధం లేదని తేల్చి చెప్పారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసు గోదావరి ఒడ్డున వడ్లు పండించే మనకు ఇట్టే అర్థమవుతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే మన వడ్లు పక్కన పెడతారు. గింజలో తడిని యంత్రం పట్టేస్తుంది. మరి మనిషి గుండెలోని తడిని పట్టేవాడు అల్లాహ్ కాడా?

అరబ్బులు ఒంటెను, గొర్రెను అమ్మే ముందు కొన్ని రోజులు పాలు పితక్కుండా ఆపేవారు. పొదుగు నిండుగా కనిపించి ధర ఎక్కువ పలికేది. ప్రవక్త (స) దీన్ని నిషేధించారు. అలా మోసపోయిన వ్యక్తి మూడు రోజుల్లోగా పశువును తిరిగి ఇచ్చేయవచ్చని, తాను పితికిన పాలకు బదులుగా ఒక సా ఖర్జూరాలు ఇవ్వాలని తీర్పు చెప్పారు. ఆలోచించండి! పొదుగు నింపి చూపడానికీ, కారు మీటరు వెనక్కి తిప్పి చూపడానికీ తేడా ఏముంది?

మన ఫిఖహ్‌లో దీనిని ‘ఖియారె ఐబ్’ అంటారు. అమ్మకానికి ముందే ఉన్న లోపం, ధరను తగ్గించే లోపం, కొన్న తర్వాత బయటపడితే, సరుకు తిరిగి ఇచ్చి మొత్తం సొమ్ము తీసుకునే హక్కు కొన్నవారికి ఉంది. కాని లోపం తెలిసిన తర్వాత కూడా సమ్మతించినట్టు వాడుకుంటూ పోతే ఆ హక్కు పోతుంది. “ఏ లోపం ఉన్నా నా పూచీ లేదు” అని షరతు పెట్టి అమ్మితే, కొన్నవారు దానికి ఒప్పుకుంటే, హనఫీ ఫిఖహ్ ప్రకారం తిరిగి ఇచ్చే హక్కు ఉండదు. అయినా తెలిసీ దాచినవాడి పాపం ఆ షరతుతో మాసిపోదు. బేరం ఇహలోకంలో చెల్లవచ్చు గాక, లెక్క పరలోకంలో ఉంది!

ఇక ఆ సోదరుని ప్రశ్న. లోపమున్న వస్తువును ఆ లోపం చెప్పకుండా అమ్మడం ముస్లింకు ధర్మసమ్మతం కాదని హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) ఉల్లేఖించారు. మనకు ద్రోహం చేసినవానికి కూడా మనం ద్రోహం చేయరాదని మరో హదీసు బోధిస్తోంది. ద్రోహం చేసినవాని విషయంలోనే ఇలా ఉంటే, ఏ పాపం ఎరుగని మూడో మనిషిని ముంచడం ఎలా ధర్మమవుతుంది? ఆ కొనేవాడు కూడా గల్ఫ్ నుంచి తిరిగి వచ్చినవాడే కావచ్చు!

ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) బట్టల వ్యాపారి. లోపమున్న బట్టను చూపి, చెప్పి అమ్మమని భాగస్వామికి అప్పగించారు. ఆయన చెప్పడం మరచి అమ్మేశారు. కొన్నవారెవరో తెలియలేదు. అప్పుడు ఇమామ్ గారు ఆ సరుకు సొమ్మంతా దానం చేసేశారని చరిత్రకారులు రాశారు. అక్కడ జరిగింది మరుపు. మనం చేయబోయేది మోసం.

అలాగని మోసపోయినవారు నోరు మూసుకోవాలని ఇస్లాం చెప్పదు. మేము ఆ సోదరునికి చెప్పింది ఇదే: “భాయ్, బండి వాడకం ఆపండి. తిరిగి ఇస్తానని అమ్మినవారికి రాతపూర్వకంగా తెలపండి. వినకపోతే 1915 నంబరుకు ఫోను చేయండి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. రెండేళ్ళ గడువు ఉంది. చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే రుసుము కూడా లేదు.”

కొనేవారికి కూడా బాధ్యత ఉంది. బేరమాడేటప్పుడు సాక్షులను పెట్టుకోమని దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో బోధించింది. తెలిసిన మెకానిక్‌కు చూపించకుండా బయానా ఇవ్వకండి. చెప్పిన మాటలు కాగితం మీద రాయించుకోండి. బండిపై ఫైనాన్సు బాకీ ఉందేమో చూడండి. పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ అనుమతి పత్రం తీసుకోవాలనే నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి ఉంది, దానిని అడగండి. అమ్మేవారు కూడా 14 రోజుల్లో ఆర్టీఓకు తెలియజేయాలి. పేరు మారకుండా ప్రమాదం జరిగితే పరిహారం రిజిస్టరులో ఉన్న యజమానిపైనే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

అమ్మేవారూ కొనేవారూ నిజం పలికి, లోపం విప్పి చెప్పుకుంటే వారి బేరంలో శుభం కలుగుతుందనీ, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందనీ ప్రవక్త (స) తెలిపారు. అబద్ధపు ప్రమాణంతో సరుకు అమ్ముడుపోతుంది కాని బరకత్ పోతుంది. ఆ సొమ్ముతో వండిన అన్నం పిల్లల నోటికి అందించగలమా?

ఆ సోదరుని కారు ఇంకా ఆయన వాకిట్లోనే ఉంది. ఫిర్యాదు నడుస్తోంది. మొన్న పక్క ఊరి నుంచి ఇద్దరు ధర అడగడానికి వచ్చారట. “ఇది నీళ్ళలో మునిగిన బండి” అని చెప్పేశారు. వాళ్ళు వెళ్ళిపోయారు. “డబ్బు రాలేదు మౌలానా సాబ్, కాని ఆ రాత్రి నిద్ర పట్టింది” అన్నారు.

అల్లాహ్ ఆయన నష్టాన్ని పూడ్చుగాక! మన సంపాదనను హలాల్ చేసి, లోపాన్ని లోపమని చెప్పే ధైర్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.