నిలువ నీడయు దాసోహమే

వీరశైవ ధర్మమున ఇష్టలింగధారణకు స్త్రీపురుష భేదము లేదు. పురుషుడు ధరించు లింగమునే స్త్రీయు ధరించును. అతడు చేయు పూజనే ఆమెయు చేయును. లింగమును ధరించిన దేహమే దేవాలయమని బసవేశ్వరుని బోధ. దేవళముపై రాయి విసరినవానిని ఊరంతయు దూషించును. లింగవంతురాలైన భార్యపై చేయెత్తినవానిని మాత్రము, అది ఆలుమగల గొడవయని ఊరు ఉపేక్షించును. ఈ రెండు తీర్పులు ఒక ధర్మమున ఇముడవు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, వివాహమైన 18–49 ఏండ్ల స్త్రీలలో భర్తచేతి హింసకు గురియైనవారు తెలంగాణలో నూటికి సుమారు 37 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 30 మంది, కర్ణాటకలో 44 మంది. లింగవంతుల ఇండ్లు ఈ లెక్కకు వెలుపల నున్నవని తలచుటకు ఆధారము లేదు.

దెబ్బలు తిన్న స్త్రీ ఆ ఇంటనే ఏల యుండునని పలువు రడుగుదురు. పోవుటకు చోటు లేకపోవుటయే తరచుగా దానికి కారణము. ఆడపిల్ల యనగా 'ఆడ' పిల్లయే కాని 'ఈడ' పిల్ల కాదని పుట్టింటివారందురు. నాలుగు దినములు అన్న యింట, పది దినములు పినతల్లి యింట గడచును. ఒంటరి స్త్రీకి గది అద్దెకిచ్చుటకు యజమానులు వెనుదీయుదురు. పిల్లల చదువు నడుమ తెగును. తుదకు ఆమె మరలి పోవును. దానిని పెద్దలు సర్దుబాటని సంతోషింతురు. అది సర్దుబాటు కాదు, నిలువ నీడ లేమి.

అక్కమహాదేవి చరిత్రను ప్రతి మఠమునను చెప్పుకొందురు. కౌశికరాజు మాట తప్పగా ఆమె రాజగృహమును విడిచి కల్యాణమునకు వచ్చినదని సంప్రదాయము. అనుభవ మంటపమున అల్లమప్రభువు ఆమెను కఠినముగా ప్రశ్నించెను. కాని తిరిగి కౌశికుని కడకు పొమ్మనలేదు. శరణులు ఆమెను అక్కయని గౌరవించిరి. ఆ పిమ్మటనే ఆమె శ్రీశైల కదళీవనమునకు సాగినది. ఆమెను కీర్తించు నోటితోనే, తలుపు తట్టిన కూతురిని మరలిపొమ్మనుట తగునా?

చట్టమును ఈ విషయమున స్త్రీకి అండగా నున్నది. 2006 అక్టోబరు 26 నుండి అమలులోనున్న గృహహింస నిరోధక చట్టము ప్రకారము, ఇల్లు తన పేర లేకున్నను భార్యకు అందు నివసించు హక్కు కలదు. భర్తను ఇల్లు వీడుమనియో, ఆమెకు వేరు వసతి చూపి అద్దె చెల్లింపుమనియో మేజిస్ట్రేటు ఆజ్ఞాపింపవచ్చును. ఆమె కాపురమున్న ఇల్లు అత్తమామల దైనంత మాత్రమున ఈ హక్కు పోదని సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పినది. 181 సంఖ్యకు ఫోను చేసినచో సహాయము లభించును. సఖి కేంద్రములలో తాత్కాలిక వసతి దొరకును. కాని అది కొలది దినముల మాట. ఆపైని నెలలకు సమాజమే పూనుకొనవలెను.

దాసోహమనగా అన్నము పెట్టుట మాత్రమే కాదు. తుమకూరు సిద్ధగంగా మఠమున వేలాది విద్యార్థులకు అన్నముతోపాటు వసతియు, విద్యయు లభించుచున్నవి. ఆ మార్గమున ప్రతి మఠమును, స్త్రీల పర్యవేక్షణలో, ఒకటి రెండు గదులనైనను ఇట్టి తల్లులకై కేటాయింపవచ్చును. ఆమె యున్న చోటును భర్తకు తెలుపరాదు. ఆమె కోరనిదే రాజీ పంచాయతీ పెట్టరాదు. ఆమె తన కాయకముతో నిలద్రొక్కుకొనుటకు పని చూపవలెను. పుట్టింటివారు ఆమె వాటాను ఆమెకు ఇయ్యవలెను. 2005 సవరణతో పిత్రార్జిత ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఏర్పడినది. గురువులు చేయెత్తిన భర్తను పిలిచి, లింగపూజ చేయు చేతికి ఆ పని తగదని నిర్భయముగ చెప్పవలెను.

లింగవంతులు ఎదురుపడినపుడు 'శరణు శరణార్థి' యందురు. శరణు కోరి వచ్చినదానికి తలుపు తెరచిన యింటనే ఆ మాట సార్థకమగును.

శరణు శరణార్థి.